పాఠశాల ప్రయోగశాలలో రసాయనాల భద్రతా పత్రాన్ని ఎలా చదవాలి?

మీరు ఈ విద్యాసంవత్సరమే ఉన్నత పాఠశాలలో ప్రయోగశాల బాధ్యత తీసుకున్నారు. ఇండెంట్ పెట్టిన రసాయనాలతో పాటు ఒక్కొక్క సీసాకు పది పన్నెండు పేజీల చొప్పున ఇంగ్లీషులో భద్రతా సమాచార పత్రాల కట్ట కూడా వచ్చింది. అవన్నీ చదవవలసిందేనా, మామూలు ఉప్పుకు సైతం చేతి తొడుగులు వేసుకోమని రాసిన కాగితాన్ని ఎంతవరకు పట్టించుకోవాలి, తెలుగు మాధ్యమం పిల్లలకు అందులోని విషయాన్ని ఎలా అందించాలి అని మూడు సంగతులు అడిగారు. జూనియర్ కళాశాలలో ఇరవై ఆరేళ్లు రసాయనశాస్త్రం చెప్పాను. అందులో పద్దెనిమిదేళ్లు ల్యాబ్ తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఆ అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆ పత్రం సీసాలో ఉన్న సరుకు గురించి రాసినది, మీ బల్ల మీద జరగబోయే ప్రయోగం గురించి కాదు. మీ తరగతిలో నలభై మంది పిల్లలున్నారని, మీరు ఆ సీసాలోంచి కొద్ది మిల్లీలీటర్లే తీసి నీళ్లలో కలుపుతారని, మీ గదికి రెండే కిటికీలున్నాయని దానిని రాసినవారికి తెలిసే అవకాశం లేదు. కాబట్టి పత్రం చెప్పేదానికీ మీరు చేయబోయేదానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవవలసినవారు మీరే. ఆ కొలత తెలిస్తే పన్నెండు పేజీల పత్రాన్ని చూడటం పది నిమిషాల పని. తెలియకపోతే అనవసరమైన భయమో, అంతకన్నా ప్రమాదకరమైన నిర్లక్ష్యమో మిగులుతుంది.

ఈ పత్రాల రూపం గురించి క్లుప్తంగా చెబుతాను. రసాయనాల వర్గీకరణకు, లేబుళ్లకు ప్రపంచమంతటా ఒకే పద్ధతి ఉండాలని ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన విధానాన్ని జీహెచ్‌ఎస్ అంటారు. దాని ప్రకారం ప్రతి పత్రంలో 16 విభాగాలు ఒకే వరుసలో ఉంటాయి. పాతవాళ్లం ఈ పత్రాన్ని ఇప్పటికీ ఎంఎస్‌డీఎస్ (మెటీరియల్ సేఫ్టీ డేటా షీట్) అనే అంటాం, ఇప్పుడు పేరు ఎస్‌డీఎస్ (సేఫ్టీ డేటా షీట్). మన దేశంలో భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు పరిశ్రమలకు ఇటువంటి పత్రాన్ని తప్పనిసరి చేశాయి. ఆ నియమాలు కర్మాగారాలను, గిడ్డంగులను దృష్టిలో పెట్టుకొని రాసినవి కావడం వల్ల పత్రాల భాష కూడా డ్రమ్ములు, ట్యాంకర్ల భాషగానే ఉంటుంది. రవాణా గురించిన 14వ విభాగం, చట్టాల గురించిన 15వ విభాగం మీకు దాదాపు అక్కర లేదు. వాటిని నిస్సంకోచంగా వదిలివేయవచ్చు.

చదవడం మొదలుపెట్టే ముందు, చేతిలో ఉన్న పత్రం చేతిలో ఉన్న సీసాదేనా అని చూడాలి. ఒకటో విభాగంలో పేరు, మూడో విభాగంలో సీఏఎస్ సంఖ్య, అంటే ఒక్కొక్క రసాయనానికి విడిగా ఇచ్చిన గుర్తింపు సంఖ్య, ఉంటాయి. పేర్లు మోసం చేస్తాయి గాని ఆ సంఖ్య మోసం చేయదు. నీలి రంగు మైలుతుత్తానికి, అంటే అయిదు నీటి అణువులున్న కాపర్ సల్ఫేట్‌కు, 7758-99-8 అని ఉంటుంది. దానిని వేడిచేస్తే మిగిలే తెల్లటి నిర్జల కాపర్ సల్ఫేట్‌కు 7758-98-7 అని ఉంటుంది. ఈ సంఖ్యలోని చివరి అంకె తనిఖీ కోసం పెట్టినది. నీటి సంఖ్య 7732-18-5 తీసుకోండి. చివరి అంకెను పక్కనపెట్టి, మిగిలినవాటిని కుడి నుంచి ఎడమకు వరుసగా 1, 2, 3, 4, 5, 6లతో గుణించి కూడితే 105 వస్తుంది. దాని చివరి అంకె 5, సంఖ్య చివర ఉన్నదీ 5. లేబులు అచ్చులో తప్పు దొర్లిందేమోనన్న అనుమానం వచ్చినప్పుడు ఈ లెక్క నాకు చాలాసార్లు ఉపయోగపడింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చినా ఇష్టంగా చేస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, అది గాఢత. మన ఉపాధ్యాయుల్లో ఎక్కువమంది ఆమ్లమంటే జాగ్రత్తపడతారు, క్షారం దగ్గర అంత జాగ్రత్తపడరు. పిల్లలకు కూడా మనం యాసిడ్ అన్న మాటను హెచ్చరికలాగానూ, కాస్టిక్ సోడాను సబ్బుకు చుట్టంలాగానూ పరిచయం చేస్తాం. ఐరోపా సమాఖ్య చట్టంలో ఒక్కొక్క పదార్థానికి ఏ గాఢత నుంచి ఏ హెచ్చరిక వర్తిస్తుందో విడివిడిగా నిర్దేశించిన పట్టిక ఉంది. సీసాపై పత్రాన్ని మీ ద్రావణానికి అన్వయించడానికి నాకు తెలిసిన సాధనాల్లో అదే మెరుగైనది. దాని ప్రకారం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25 శాతం, ఆపైన ఉంటే చర్మాన్ని కాల్చే వర్గంలోకి వస్తుంది. 10 నుంచి 25 శాతం మధ్య చర్మానికి, కళ్లకు మంట కలిగించే వర్గంలో ఉంటుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి ఆ హద్దులు 15 శాతం, 5 శాతం. సోడియం హైడ్రాక్సైడ్‌కు మాత్రం 2 శాతం నుంచే కాల్చే వర్గం మొదలవుతుంది, అర శాతం నుంచి మంట కలిగించే వర్గం వర్తిస్తుంది.

మీరు మామూలుగా తయారుచేసే ద్రావణాలకు ఈ అంకెలను వర్తింపజేసి చూడండి. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం అంటే లీటరుకు 36.5 గ్రాములు, సుమారు మూడున్నర శాతం. ఆ పట్టిక ప్రకారం దానికి ఏ హెచ్చరికా లేదు. 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం సుమారు 9 శాతం, అది మంట కలిగించే వర్గం. 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ లీటరుకు 40 గ్రాములు, దాదాపు 4 శాతం. అది నేరుగా కాల్చే వర్గంలోనే ఉంది. ఒకే బల్ల మీద, ఒకే మొలారిటీతో, ఒకే రకం సీసాల్లో పక్కపక్కన పెట్టిన ఆమ్లంలోనూ క్షారంలోనూ మనం భయపడేది సాధువు, భయపడనిది కాల్చేది. అదే క్షారాన్ని 0.1 మోలార్‌కు తగ్గిస్తే 0.4 శాతం అవుతుంది, ఏ హద్దుకూ అందదు. ఆమ్ల క్షారాల తటస్థీకరణను చూపించడానికి 0.1 మోలార్ ద్రావణాలు చక్కగా సరిపోతాయి. సూచికలో రంగు మార్పు అంతే స్పష్టంగా కనిపిస్తుంది, ఖర్చు పదోవంతు, ప్రమాదం ఇంచుమించు లేనట్టే. పత్రం చదివినందుకు కలగవలసిన మొదటి ఫలితం ఇటువంటి మార్పే అని నా అభిప్రాయం. తొడుగులు, కళ్లద్దాల ఆలోచన దాని తరువాతిది.

క్షారం గురించి ఇంత పట్టుగా రాయడానికి కారణం ఉంది. నా ఉద్యోగం మొదటి సంవత్సరాల్లో, నేను పనిచేసిన ఒక కళాశాలలో, ఉదయం బ్యాచ్ పిల్లలు కాస్టిక్ సోడా బిళ్లలు తూస్తుండగా ఒక బిళ్ల త్రాసు పక్కన పడిపోయింది. ఎవరూ గమనించలేదు. ఆ పదార్థం గాలిలోని తేమను పీల్చుకొని తానే అందులో కరిగిపోతుంది. మధ్యాహ్నానికి అక్కడ తెల్లటి బిళ్ల లేదు, నీటి చుక్కలాంటి స్వచ్ఛమైన చుక్క ఉంది. తరువాతి బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఆ చుక్కను అరచేత్తో తుడిచి, కాసేపటికి అదే చేత్తో కన్ను నలుపుకుంది. మాకున్న ఒకే ఒక్క కుళాయి కింద ఆమె తల వంచి, కనురెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకొని ఇరవై నిమిషాలు నీళ్లు పోశాం. చూపు దక్కింది గాని ఆ పిల్ల కొన్ని వారాలు కంటికి కట్టుతో తిరిగింది. క్షారం కంటి పైపొర దగ్గర ఆగదు, కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగుతుంది. అందువల్లే చాలా సందర్భాల్లో ఆమ్లం కన్నా కంటికి ఎక్కువ నష్టం చేస్తుంది. బిళ్లలు తేమను పీల్చుకుంటాయని పత్రంలో ఉంది, కంటిని ఎంతసేపు కడగాలో నాలుగో విభాగంలో ఉంది. ఆ పత్రం ఆఫీసు గది బీరువాలో, ఫైలులో, తాళం వేసి ఉంది.

రెండో విభాగం పత్రానికి గుండెకాయ. బొమ్మలు, సంకేత పదం, ప్రమాద వాక్యాలు అక్కడే ఉంటాయి. సంకేత పదాలు రెండే, డేంజర్ అంటే తీవ్రమైనది, వార్నింగ్ అంటే దానికన్నా తక్కువది. ఎర్ర అంచున్న బొమ్మలు మొత్తం తొమ్మిది. వాటిలో పిల్లలూ పెద్దలూ ఎక్కువగా పొరబడేవి రెండు జంటలు. మంట బొమ్మ అంటే ఆ పదార్థమే అంటుకుంటుంది. వృత్తం మీద మంట ఉంటే తాను మండదు గాని పక్కనున్నదాన్ని మండిస్తుంది, పొటాషియం పర్మాంగనేట్ అటువంటిది. పుర్రె బొమ్మ అంటే కొద్ది మోతాదుకే వెంటనే విషం. మనిషి ఛాతీపై నక్షత్రం పగిలినట్టున్న బొమ్మ అంటే క్యాన్సరు, గర్భస్థ శిశువుకు హాని, ఊపిరితిత్తుల జబ్బు వంటి దీర్ఘకాలపు హాని. హెచ్ అక్షరంతో మొదలయ్యే మూడంకెల సంఖ్యల్లో 2తో మొదలయ్యేవి మంట, పేలుడు వంటి భౌతిక ప్రమాదాలు, 3తో మొదలయ్యేవి ఆరోగ్యానికి సంబంధించినవి, 4తో మొదలయ్యేవి పర్యావరణానికి సంబంధించినవి. ఇంతవరకు తెలిస్తే ఇంగ్లీషు వాక్యం పూర్తిగా అర్థం కాకపోయినా దారి తప్పరు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, అనుభవజ్ఞులు కూడా అందులో పడటం చూశాను. జీహెచ్‌ఎస్ పద్ధతిలో కేటగిరీ 1 అంటే అన్నిటికన్నా ప్రమాదకరం, సంఖ్య పెరిగే కొద్దీ ప్రమాదం తగ్గుతుంది. కానీ చాలా పత్రాల్లో అమెరికా అగ్నిమాపక సంస్థ పద్ధతిలో నాలుగు రంగుల వజ్రాకారపు గుర్తు కూడా ముద్రిస్తారు. అందులో 0 అంటే ప్రమాదం లేదు, 4 అంటే అత్యంత ప్రమాదకరం. అంటే ఒకే కాగితంలో రెండు కొలబద్దలు ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి చర్మాన్ని కాల్చే గుణంలో కేటగిరీ 1 అని రెండో విభాగంలో ఉంటుంది, వజ్రంలోని నీలి గడిలో 3 అని ఉంటుంది. రెండూ నిజమే, రెండూ ప్రమాదమనే చెబుతున్నాయి. ఏ అంకె ఏ పద్ధతిదో చూడకుండా ఒకటే కదా అని తేలికగా తీసుకోకూడదు.

ఉప్పుకు చేతి తొడుగుల సంగతి అడిగారు. ఎనిమిదో విభాగంలోని రక్షణ సామగ్రి వాక్యాలు చాలా పత్రాల్లో ఒకే మూసలో ఉంటాయి. తయారీదారు తన బాధ్యత కోసం రాసుకున్నవి అవి. అందుకని ఎనిమిదో విభాగాన్ని ఎప్పుడూ ఒంటరిగా చదవవద్దు. రెండో విభాగంలో ప్రమాదకర పదార్థం కాదని ఉంటే ఎనిమిదో విభాగం మూసకట్టు మాటలే అనుకోవచ్చు. రెండో విభాగంలో హెచ్314, అంటే చర్మాన్ని తీవ్రంగా కాల్చి కంటిని పాడుచేసేదన్న వాక్యం ఉంటే, ఎనిమిదో విభాగంలోని ప్రతి మాటా మీ కోసమే రాసినట్టు భావించండి. బడిలో నేను రాజీపడనిది కళ్లద్దాల విషయంలో. చూపు కోసం పెట్టుకునే అద్దాలు పక్కల నుంచి వచ్చే చిందును ఆపవు, నాలుగు వైపులా మూసుకునే గాగుల్స్ కావాలి. తొడుగుల విషయంలో మాత్రం ఆలోచించాలి. పలుచని రబ్బరు తొడుగులతో పిల్లలను స్పిరిట్ దీపం దగ్గర నిలబెడితే అవి కరిగి చర్మానికి అంటుకునే ప్రమాదం ఉంది.

స్పిరిట్ దీపం మాట వచ్చింది కనుక తొమ్మిదో విభాగానికి వెళ్దాం. అందులో అంకెలు చాలా ఉంటాయి గాని స్పిరిట్ విషయంలో మీరు చూడవలసినవి రెండు. మొదటిది ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి ద్రవం మీద తయారయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రత. స్పిరిట్‌లోని ఇథనాల్‌కు అది సుమారు 13 డిగ్రీల సెల్సియస్. లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామును మినహాయిస్తే మన ప్రాంతంలో బడి నడిచే ఏ గంటలోనైనా గది వేడి అంతకు మించే ఉంటుంది, కాబట్టి మూత తీసిన స్పిరిట్ సీసా ఎప్పుడైనా అంటుకోవడానికి సిద్ధంగానే ఉన్నట్టు లెక్క. రెండోది ఆవిరి సాంద్రత. ఇథనాల్ ఆవిరి గాలి కన్నా సుమారు 1.6 రెట్లు బరువు. అంటే ఆవిరి పైకి లేచి పోదు, బల్ల మీదుగా నీరులా పాకి అవతలి దీపాన్ని చేరగలదు. దీపం ఆరిపోయిందనుకొని, వత్తి ఇంకా వేడిగా ఉండగానే స్పిరిట్ పోయబోతే మంట సీసాలోకి ఎక్కుతుంది. పగటి వెలుతురులో స్పిరిట్ మంట సరిగా కనిపించదు కూడా. 2014 సెప్టెంబరులో అమెరికాలోని డెన్వర్ నగరంలో ఒక పాఠశాలలో, మండుతున్న మిథనాల్‌కు పెద్ద సీసాలోంచి మరికొంత చేర్చబోతే మంట జ్వాలలా ఎగజిమ్మి ఒక విద్యార్థి తీవ్రంగా గాయపడ్డాడు. అప్పటి నుంచి ఇంధనపు పెద్ద సీసాను పిల్లలున్న గదిలోకి తేకూడదన్నది నేను పాటించిన నియమం. దీపాలు స్టోర్ రూమ్‌లోనే, చల్లారాక, ముందురోజే నింపించేవాణ్ణి.

ఏడు, పది విభాగాలను కలిపి చదవాలి. ఏడు ఎలా నిల్వ చేయాలో చెబుతుంది, పది దేనితో కలవకూడదో చెబుతుంది. చాలా బడుల్లో సీసాలను అక్షరక్రమంలో సర్దుతారు. చూడటానికి అందంగా ఉంటుంది, స్టాక్ రిజిస్టరుతో సరిచూడటం సులువు, కానీ రసాయనాలకు అక్షరమాల తెలియదు. అసిటిక్ ఆమ్లం మండే స్వభావమున్నది, నైట్రిక్ ఆమ్లం మండించే స్వభావమున్నది. రెండూ ఆమ్లాలే కదా అని ఒక అరలో పెడితే ఒకటి కారిన రోజున రెండోది నిప్పుకు కారణమవుతుంది. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పడితే అగ్గిపుల్ల లేకుండానే మంట వస్తుంది. అదే పర్మాంగనేట్‌కు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. బ్లీచింగ్ పౌడరుకు ఏ ఆమ్లం తగిలినా అంతే. మీ స్టోరులో సీసాల భుజాల మీద, మూతల చుట్టూ తెల్లటి బూడిదలాంటి పొర పేరుకొని ఉంటే, అమ్మోనియా సీసా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా దగ్గరదగ్గరగా ఉన్నాయని దాదాపు నిశ్చయించుకోవచ్చు. రెండింటి ఆవిరులూ గాలిలో కలిసి అమ్మోనియం క్లోరైడ్‌గా మారి పరుచుకున్న పొర అది. మూతలు సరిగా బిగియడం లేదని కూడా అదే చెబుతోంది.

పదో విభాగం లాంఛనం కాదని మన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర వెంకటాపురంలో పన్నెండు మంది ప్రాణాలు తీసిన స్టైరీన్ విషయంలో, వేడి పెరిగితే అది తనలో తానే పాలిమరీకరణ చెందుతుందని, దానిని ఆపే నిరోధకాన్ని తగినంత ఉంచాలని ఆ రసాయనపు భద్రతా పత్రాలు ముందు నుంచీ చెబుతూనే ఉన్నాయి.

పత్రాల కట్టలో మీకు ఎప్పటికీ దొరకని పత్రం ఒకటుంది, అది ప్రయోగంలో కొత్తగా పుట్టే పదార్థానిది. దానికి సీసా లేదు, కనుక సరఫరాదారు కాగితమూ పంపడు. ఇనుప రజను, గంధకం కలిపి వేడిచేసి, వచ్చిన ఐరన్ సల్ఫైడ్ మీద సజల ఆమ్లం పోసి వాసన చూపించే ప్రయోగం మనందరికీ తెలుసు. అందులో వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. కానీ గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులకు చేరేసరికి ముక్కు ఆ వాసనను పసిగట్టడం మానేస్తుంది. వాసన తగ్గితే వాయువు తగ్గిందనుకోవడం అక్కడ ప్రాణాంతకమైన పొరపాటు. పదో తరగతిలో లెడ్ నైట్రేట్‌ను వేడిచేస్తే గోధుమ రంగు పొగ వస్తుంది. ఆ నైట్రోజన్ డయాక్సైడ్ పీల్చినవారికి ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తరువాత, ఇంటికి వెళ్లాక బయటపడవచ్చు. కాబట్టి ప్రయోగానికి ముందు సమీకరణం రాసి, బాణం గుర్తుకు కుడివైపున ఉన్న ప్రతి పదార్థానికీ విడిగా పత్రం వెతికి చదవండి. బాణానికి ఎడమవైపు మాత్రమే చదివినవారు సగమే చదివినట్టు. లెడ్ నైట్రేట్ విషయంలో నా సలహా, పరీక్ష నాళికలో చిటికెడు మాత్రమే తీసుకొని, కిటికీ దగ్గర, ఉపాధ్యాయులే ఒకసారి చేసి చూపించడం. నలభై మంది చేత చేయించవలసిన ప్రయోగం కాదు అది.

పదకొండో విభాగంలో ఎల్‌డీ50 అనే అంకె కనిపిస్తుంది. ప్రయోగంలోని జంతువుల్లో సగం చనిపోయే మోతాదును, శరీరం బరువు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని ఇస్తారు. అంకె చిన్నదయ్యే కొద్దీ విషం పెద్దది. ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు మామూలు ఉప్పుకు అది సుమారు 3000, బేరియం క్లోరైడ్‌కు సుమారు 118. సల్ఫేట్ పరీక్షకు మనం రోజూ వాడే ఆ తెల్లటి పొడి చూడటానికి ఉప్పులాగే ఉంటుంది. ఎలుకల అంకెను నేరుగా పిల్లలకు లెక్కగట్టకూడదు, కానీ రెండు తెల్లపొడుల మధ్య ఎంత తేడా ఉందో తెలుసుకోవడానికి అది చాలు. అలాగని ఎల్‌డీ50 ఒక్కదాన్నే చూసి ఆగిపోవద్దు. వెంటనే చంపే విషాన్ని మాత్రమే అది కొలుస్తుంది, క్యాన్సరును, గర్భంలోని శిశువుకు కలిగే హానిని కొలవదు. పొటాషియం డైక్రోమేట్‌కు హెచ్350, లెడ్ నైట్రేట్‌కు హెచ్360 అని ఉండటం గమనించండి. గర్భవతులైన ఉపాధ్యాయినులు, ల్యాబ్ సహాయకులు ఉన్నచోట ఈ సంగతి ముందే చెప్పి పని మార్చాలి, వారే వచ్చి అడగాలని ఎదురుచూడకూడదు.

నాలుగో విభాగం ప్రమాదం జరిగాక తెరిచేది కాదు, ముందే కంఠస్థం కావలసినది. కంటిలో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలని చాలా పత్రాలు చెబుతాయి. గడియారం చూసి పెట్టుకుంటే తప్ప 15 నిమిషాలు ఎంత పొడవో తెలియదు, కంగారులో రెండు నిమిషాలకే ఆపేస్తారు. మీ ల్యాబ్ కుళాయిలో ప్రయోగం జరిగే సమయానికి నీళ్లు వస్తాయా? రాకపోతే మూత ఉన్న శుభ్రమైన డ్రమ్ము, మగ్గు పెట్టి, నీళ్లు రోజూ మార్పించండి. కుళాయి ఉంటే చివర మెత్తటి రబ్బరు గొట్టం తగిలించండి, కంటికి అందేలా మెల్లగా పోయవచ్చు. చర్మంపై ఆమ్లం పడితే సోడా, క్షారం పడితే వెనిగర్ పూయవద్దు, ఆ చర్యలో పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది. నీళ్లే మందు. మింగితే వాంతి చేయించవద్దు. 108కి ఫోన్ చేసి, ఆ రసాయనం పత్రాన్ని పిల్లవాడితో పాటు ఆసుపత్రికి పంపండి. డాక్టరు గారికి మీ వర్ణన కన్నా ఆ కాగితం ఎక్కువ పనికొస్తుంది.

వ్యర్థాల గురించిన 13వ విభాగం దాదాపు ప్రతి పత్రంలోనూ స్థానిక నియమాల ప్రకారం పారవేయండి అన్న ఒక్క వాక్యంతో ముగుస్తుంది, బడికి అది ఏ సహాయమూ చేయదు. నా పద్ధతి చెబుతాను. సజల ఆమ్లాలను, క్షారాలను ఒకదానితో ఒకటి తటస్థీకరించి, లిట్మస్‌తో చూసి, ఎక్కువ నీళ్లతో సింకులో పోయవచ్చు. సీసం, క్రోమియం, పాదరసం, బేరియం ఉన్నవి ఒక్క చుక్క కూడా సింకులోకి వెళ్లకూడదు. వాటిని ఒక్కొక్క లోహానికి ఒక సీసా చొప్పున, పేరు, తేదీ రాసి నిల్వచేసి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న సేకరణ సంస్థకు ఇవ్వాలి. ఒక్క బడికి అది భారమైతే మండలంలోని బడులన్నీ కలిసి ఏడాదికోసారి పంపించుకోవచ్చు.

చివరిగా తెలుగు సంగతి. పత్రాన్ని మొత్తం అనువదించే పనిలో పడకండి, దానివల్ల పిల్లలకు లాభం లేదు. ఒక్కొక్క రసాయనానికి పోస్టుకార్డంత అట్ట చాలు, దాని మీద నాలుగు వాక్యాలు. ఆ వాక్యాల్లో పుస్తకాల పారిభాషిక పదాలను పెట్టకండి. దాహక పదార్థం అని రాస్తే పరీక్షకు బట్టీ పడతారు, ఒళ్లు కాలుస్తుంది, బట్టను తింటుంది అని రాస్తే చేయి వెనక్కి తీసుకుంటారు. ఆక్సీకరణి అనే బదులు తాను మండదు, పక్కదాన్ని మండిస్తుంది అనండి. నేను కాస్టిక్ సోడాకు రాసుకున్న అట్ట ఇలా ఉండేది: ‘ఒళ్లు కాలుస్తుంది, కన్ను పోగొడుతుంది. చేతికి జారుడుగా తగిలితే అది నీ చర్మమే సబ్బవుతోందని అర్థం, వెంటనే కడుక్కో. కింద పడ్డ బిళ్ల కొన్ని గంటల్లో నీటి చుక్కలా కనిపిస్తుంది, బల్ల మీది ఏ చుక్కనూ చేత్తో తుడవకు. కంట్లో పడితే గడియారం చూసి పదిహేను నిమిషాలు నీళ్లు.’ ఆ రోజు వాడబోయే రసాయనాల అట్టలను ప్రయోగం మొదలయ్యే ముందు పిల్లల్లో ఒకరి చేత బిగ్గరగా చదివించండి, రికార్డులో విధానం కన్నా పైన రాయించండి.

అసలు పత్రాలను మాత్రం కాగితం మీదే, ల్యాబ్ గదిలోనే, తలుపు పక్కన గోడకు తగిలించిన ఫైలులో ఉంచండి. కరెంటు పోయినప్పుడు, ఫోన్‌లో సిగ్నల్ లేనప్పుడు కూడా అది చేతికి అందాలి. 16వ విభాగంలో సవరించిన తేదీ ఉంటుంది. పాత ఎంఎస్‌డీఎస్ రూపంలో, 16 విభాగాలు లేకుండా ఉన్న పత్రాన్ని తీసివేసి కొత్తది అడిగి తెప్పించుకోండి. కట్ట మొత్తం ఒకేసారి చూడబోతే విసుగొస్తుంది కనుక కాస్టిక్ సోడా, స్పిరిట్, లెడ్ నైట్రేట్ పత్రాలతో మొదలుపెట్టండి. ఈ వారం ఆ మూడింటి అట్టలు రాసి, వచ్చే వారం గాఢ ఆమ్లాలకు రండి. మీ స్టోరులో ఏ సీసా పక్కన ఏ సీసా ఉందో ఒక కాగితం మీద రాసి ఇక్కడ పెడితే, వాటిని ఎలా విడదీసి సర్దుకోవాలో అరల వారీగా చెబుతాను.